పిడుగు గోదా రెండో రాకడ

లేత్ షాపు వెనక గది నుంచి

బావమరిదికి,

మీ కంపెనీ మళ్ళీ ఒక బొమ్మ పడేసింది. చూసే ఉంటావు. "పిడుగు గోదా" వీడియో ఆట పుట్టినరోజు వచ్చిన ప్రతిసారీ ఒక బొమ్మ విసరడం, దాని కింద "ఇంకొంచెం ఓపిక" అని రాయడం. రెండో భాగం వస్తుందని అనరు, రాదనీ అనరు. ఇంకొంచెం అట. మేము ఎదురుచూడటం మొదలుపెట్టిన రోజుల్లో మా మంగలికి నల్లని జుట్టుండేది. ఇప్పుడు ఊరందరికీ కలిపే రంగులోనే తనకూ కాస్త మిగుల్చుకుంటున్నాడు.

ఫోనులో తిట్టాలంటే నాకు ఊపిరి చాలదు. పైగా నాలుగు మాటలు కాగానే నీకు సిగ్నల్ పోతుంది. అందుకే కాగితం తీసుకున్నాను.

మా గది నీకు తెలియనిది కాదు. పగలంతా ముందు గదిలో నేను లేత్ మీద ఇరుసులు తీస్తాను. శనివారం సాయంత్రం మిషను ఆపి, ఇనుప పొట్టు ఊడ్చి, వెనక గది తలుపు తీస్తాను. రెండు పాత ఆట యంత్రాలు, ఒక పొడుగు బల్ల, గోడ మీద నా గ్రంథం పెట్టుకునే చెక్క. మంగలి వస్తాడు, ఆసుపత్రి నుంచి నర్సమ్మ వస్తుంది, లిఫ్టులు బాగుచేసే మూగన్న వస్తాడు (వాడు మూగవాడు కాదు, మాట్లాడటానికి బద్ధకం), వాళ్ళ వెంట ఇంకో పదిమంది. గంటసేపు గోదాలో కొట్టుకుంటారు. తర్వాత అరగంట నేను చెప్పింది వింటారు. ఆ అరగంట కోసమే నేను ఆ గంటను పెట్టానని ఊరనుకుంటుంది. నిజం నీకు చెప్తున్నాను, నాకు ఆ గంట కూడా కావాలి. ఆటలో బొగ్గురాణి వేషంలో నర్సమ్మ నన్ను గోదా బయటికి విసిరేస్తే ఒళ్ళు పులకరిస్తుంది.

నాకు కంపరం ఎక్కడ పుడుతుందో చెప్పనా? ఆలస్యంలో కాదు. ముసలితనం దాకా బిడ్డ కోసం ఆగిన దంపతుల కథ చెప్పి బతికేవాణ్ణి నేను, ఆలస్యానికి జడుస్తానా? అవునో కాదో ఒక్కటే మాట మాట్లాడమని నేర్పిన గ్రంథం నాది. వీళ్ళది అవునూ కాదు, కాదూ కాదు. జనం నోట్లో వేలుపెట్టి ఆకలి తీరిందా అని అడిగే రకం. కొండమీదికి పోయిన నాయకుడు ఎంతకీ దిగిరాకపోతే కింద ఉన్న జనం చెవిపోగులు కరిగించి దూడను పోసుకున్నారు. మా వాళ్ళు ఇంకా దూడ దాకా రాలేదు. కంపెనీ అమ్మిన టోపీలు కొనుక్కుని ఆగారు.

నువ్వు పనిచేసేది ఆ భవనంలోనే కదా. మెట్లెక్కి అడిగి రాయి.

మీ అక్క నిన్ను చిక్కిపోయావా అని అడగమంది.

బావ

*

నా గది, కిటికీ పక్క నుంచి

బావకు,

ఉత్తరం అందింది. చదువుతుంటే నువ్వు ఎదురుగా నిలబడి అరుస్తున్నట్టే ఉంది. పక్కగదివాడు తలుపు కొడతాడేమోనని భయమేసింది.

నేను చేసేది పసిపిల్లల లెక్కల ఆటలకు బొమ్మలు గీయడం. ఏనుగులు, గొడుగులు, అంకెలు. నీ గోదా సంగతి పై అంతస్తువాళ్ళది. అక్కడికి పోవాలంటే మెడలో వేరే రంగు కార్డు ఉండాలి. చేరిన రోజున లోపలి మాట బయట చెప్పనని సంతకం కూడా చేయించుకున్నారు. కాబట్టి నన్ను అడిగి లాభం లేదు.

ఒక్క మాట చెప్తాను, కోపగించుకోవద్దు. ఆ బొమ్మల్లో ఏముంటుంది బావా? ఎవడో ఒకడు జీతానికి గీస్తాడు. అంతగా చూడొద్దు.

చిక్కలేదని అక్కకు చెప్పు. మోకాలి నొప్పి తగ్గిందా?

నీ బావమరిది

*

లేత్ షాపు వెనక గది నుంచి

బావమరిదికి,

అంతగా చూడొద్దని నువ్వు రాశావు. అందుకని ఇంకాస్త చూశాను. చూడవద్దన్న చోటే చూడటం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న గుణం. బడిలో నాలుగు తరగతులు చదివినవాణ్ణి గ్రంథం మొత్తం ఒంటబట్టించుకున్నది అలా చూసే.

బొమ్మ పెద్దది చేయించి గోడకు అంటించాం. ఖాళీ గోదా. పైన వరసగా ఏడు దీపాలు, ఆరు వెలుగుతున్నాయి, ఏడోది వెలగడం లేదు. గోదా తాడుకు మూడు ముడులు. మూలన స్టూలు మీద అంచు విరిగిన నీలం కప్పు. వెనక కిటికీ, కిటికీ మీద కారుతున్న వాన.

ఇప్పుడు విను. ఆరు రోజులు పని, ఏడో రోజు విశ్రాంతి. వెలగని దీపం విశ్రాంతి దినం, అంటే శనివారం, పాతకాలపు లెక్కన. మూడు ముడులు, మూడో శనివారం. కిటికీలో వాన, వానలు మొదలయ్యే నెల. విరిగిన కప్పు, నిండిన ఓపిక. ఇంత తేటగా రాసిపెడితే చదవలేకపోవడానికి మేమేమన్నా రాజు విందులో గోడ మీది రాత చూసి వణికిన పెద్దమనుషులమా?

పోయిన శనివారం ఆట అయ్యాక లేచి నిలబడి చెప్పేశాను. వచ్చే నెల మూడో శనివారం ప్రకటన వస్తుందని. అక్కడితో ఆగలేదు. మాట ఇచ్చినవాడు ఆలస్యం చేసినా తప్పడని, ఈ చిన్న మాట నెరవేరడం చూసి ఆ పెద్ద మాట మీద, ఆయన తిరిగి వస్తానన్న మాట మీద, నమ్మకం పెంచుకోమని చెప్పాను. మంగలి కళ్ళు తుడుచుకున్నాడు. పదేళ్ళలో నా ప్రసంగానికి వాడు కళ్ళు తుడుచుకోవడం అదే మొదలు.

మీ అక్క మాత్రం గుమ్మంలోనే పట్టుకుంది. రోజులు లెక్కపెట్టే బోధకులను ఇన్నాళ్ళూ నువ్వే కదా చీల్చి చెండాడావు, ఇప్పుడు నీకేం పుట్టిందని. ఇది ఆట గురించే కదా అన్నాను. ఆట గురించయితే ఆయన్నెందుకు లాగావు అంది. ఆడవాళ్ళకు ఆంతర్యాలు పట్టవని ఊరుకున్నాను.

ఆ రోజుకు సెలవు పెట్టి రా.

బావ

*

నా గది నుంచి

బావా,

నీ ఉత్తరం చదివి చెమటలు పట్టాయి. దయచేసి ఆ తేదీ వెనక్కి తీసుకో. కారణం అడగొద్దు, చెప్పలేను. అక్క అన్నదే నిజం. రోజూ గంటా అడగొద్దని నీ గ్రంథంలోనే ఉందని నా చిన్నప్పుడు నువ్వే కదా నా చెవి మెలేసి చెప్పావు.

పొరపడ్డానని వచ్చే శనివారమే చెప్పు. నవ్వితే నవ్వుతారు, అక్కడితో పోతుంది. ఆగితే పోదు.

నీ బావమరిది

*

లేత్ షాపు నుంచి

బావమరిదికి,

చెమటలు పట్టాయా? కారణం చెప్పలేవా? ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి. తేదీ తప్పయితే నువ్వు నవ్వి ఊరుకునేవాడివి. తేదీ ఒప్పు కాబట్టే వణికావు. పై అంతస్తు మాట ఎలాగో నీ చెవిన పడింది, సంతకం చేసిన చెయ్యి కాబట్టి నోరు మూసుకున్నావు. నీ నిజాయితీకి మెచ్చాను. నీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు, భయపడకు. నా నమ్మకం మాత్రం రెట్టింపయింది.

బల్లకు రంగు వేయించాం. నర్సమ్మ ఆ పూట డ్యూటీ మార్చుకుంది.

బావ

*

వెనక గది నుంచి

బావమరిదికి,

మూడో శనివారం అయిపోయింది.

ఎలా జరిగిందో రాస్తాను. రాయకపోతే నాకు అన్నం సయించేట్టు లేదు. గది నిండిపోయింది. మూగన్న తన చెల్లెలినీ ఆమె మొగుడినీ కూడా తీసుకొచ్చాడు. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా తెర ముందు కూర్చున్నాం. ఆకలేసినవాడు కూడా లేవలేదు. చివరికి మీ కంపెనీవాళ్ళు నిజంగానే ఒక ప్రకటన పెట్టారు. అందరం ఒక్కసారిగా లేచాం. బొగ్గురాణికి కొత్త రవిక అట. పాత ఆటలోనే, పాత బొమ్మకే, ఎర్ర రవిక. విడిగా అమ్ముతారట. కింద ఆ ముక్కే, "ఇంకొంచెం ఓపిక".

కుక్కకు ఎముక అయినా విసురుతారు. వీళ్ళు ఎముక బొమ్మ విసిరారు. ఆ రవిక కుట్టినవాడి చేతులు, అమ్మినవాడి నోరు, కొన్నవాడి కళ్ళు, అన్నీ నాకు రోతగా కనిపించాయి. గుడి ముంగిట బల్లలు తిరగేసిన ఆ కోపం ఎలా ఉంటుందో ఆ నిమిషంలో తెలిసింది. కానీ తిరగేయడానికి అక్కడ ఉన్నది నా బల్లే.

ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నర్సమ్మ తన కర్ర, అదే, ఆటకు తాను తెచ్చుకునే పిడి, సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. మంగలి గుమ్మం దగ్గర ఆగాడు. చాలా నెమ్మదిగా, ఎకసెక్కం లేకుండా అడిగాడు.

"బోధన్నా, మరి ఆయన వస్తాడన్నది కూడా ఇలాంటిదేనా?"

పాతికేళ్ళుగా నడివీధిలో నిలబడి బోధించినవాణ్ణి. రాళ్ళు పడ్డాయి, పేడ పడింది, నోరు మూతపడలేదు. వాడికి జవాబు చెప్పడానికి మాత్రం నాలుక తిరగలేదు. ఎందుకంటే రెండు మాటలనూ ఒకే తాడుకు కట్టింది నేనే. ఒకటి బావిలో పడితే రెండోదాన్ని లాక్కుపోదా?

ఈ శనివారం ఎవరూ రాలేదు. ఎదురుగా ఖాళీ బల్ల ఉంటే గ్రంథం తెరవబుద్ధి కాలేదు. నా మాట పోయింది. నాకు ఉన్న ఆస్తి అదొక్కటే.

బావ

*

నా గది నుంచి

బావా,

ఇక దాచను. సంతకం సంగతి తర్వాత చూసుకుంటాను.

ఆ బొమ్మలు గీసేది నేనే. ఏనుగులూ నేనే, గోదా బొమ్మలూ నేనే. ఏడాదికోసారి పిలిచి, గోదా పుట్టినరోజు వస్తోంది, రెండు గంటల్లో ఒకటి గీసివ్వమంటారు. ఏం గీయాలో చెప్పరు. నా గదిలో కంటికి కనిపించింది గీస్తాను. ఆ నీలం కప్పులో నేను టీ తాగుతాను. తాడు నేను బట్టలారేసుకునేది, మూడుసార్లు తెగితే మూడుసార్లు ముడేశాను. కిటికీ మీద కారేది వాన కాదు, పై ఇంటివాళ్ళ నీళ్ళ ట్యాంకు పొంగడం. ఏడో దీపానికి రంగు వేసే లోపు ఫైలు లాక్కున్నారు.

ఇంకోటి ఉంది. ఆట లేదు బావా. ఎప్పుడో నాలుగేళ్ళ కింద పై అంతస్తు ఖాళీ చేశారు. ఆ బల్లల మీద ఇప్పుడు విరిగిన కుర్చీలు పేర్చి ఉన్నాయి. రాదని చెబితే పాత ఆట అమ్ముడుపోదు, టోపీలు పోవు, అందుకని ఏడాదికో బొమ్మ. ఒకసారి మా అధికారిని అడిగాను, జనం ఏవేవో లెక్కలు కడుతున్నారు, పాపం కదా అని. మనమేమన్నా అబద్ధం చెప్పామా అన్నాడు. నిజమే. ఒక్క అబద్ధపు ముక్క లేదు. అది తలచుకున్నప్పుడల్లా నా చేతులు నాకే జిడ్డుగా అనిపిస్తాయి.

నీ గోడ మీద నా కప్పు పెద్దదై వేలాడుతోందని చదివినప్పుడు చెప్పి ఉండాల్సింది. జీతం గుర్తొచ్చింది. చెప్పలేకపోయాను.

ఈ ఉత్తరం నీ వాళ్ళకు చదివి వినిపించు. నువ్వు మోసపోయావని తెలిస్తే నీ మాట నీకు తిరిగొస్తుంది. నా పేరు చెప్పినా ఫర్వాలేదు.

నీ బావమరిది

*

లేత్ షాపు నుంచి

ఛీ.

మొన్న ఆ ఒక్క అక్షరమే రాసి కవరులో పెట్టి పంపేద్దామనుకున్నాను. మీ అక్క లాక్కుంది. మిగతాది కూడా రాయి, లేకపోతే వాడు అన్నం మానేస్తాడు అంది. రాస్తున్నాను.

మూడుసార్లు తెగి మూడు ముడులు పడ్డ నీ బట్టల తాడును నేను దైవలిపిలా చదువుతుంటే, నువ్వు అక్కడ కూర్చుని అక్క మోకాలు ఎలా ఉందని అడిగావు. గుడ్డివాణ్ణి దారి తప్పిస్తే శాపమని గ్రంథం అంటుంది. నువ్వు తప్పించలేదు, గోతిలో పడుతుంటే పక్కన నిలబడి జాగ్రత్త బావా అన్నావు. అది ఏ లెక్కలోకి వస్తుందో వెతుకుతున్నాను.

కానీ నీ మీద రోత సగమే. తక్కిన సగం నాది. నువ్వు గీసింది కప్పు. దాన్ని ప్రవచనం చేసింది నేను.

మంగలి షాపుకు పోయి, నర్సమ్మ డ్యూటీ దిగే గేటు దగ్గర నిలబడి, అందరినీ శనివారం రమ్మని బతిమాలాను. వచ్చారు. నీ ఉత్తరం చొక్కా జేబులో ఉంది. చదివితే నేను మోసపోయినవాణ్ణి, జాలి పడతారు. నీ ఉద్యోగం ఆ సాయంత్రానికే పోతుంది. జేబు మీద చెయ్యి వేశాను కూడా. తీయలేదు. నీ మీద దయతో కాదు. జాలి తిని బోధించడం నాకు చేతకాదు.

తేదీ నేను పెట్టాను అని చెప్పాను. ఆయన మాటకు నా లెక్క అతికించాను, అది పాపం, మంగలి అడిగిన దానికి నా జవాబు ఇదే, ఆయన ఏ శనివారమూ రాసివ్వలేదు అన్నాను. వింటున్నారు. అక్కడ ఆపితే పోయేది. ఆటే లేదు, రాదు, ఎదురుచూడొద్దు అన్నాను.

నీకెలా తెలుసన్నాడు మంగలి.

తెలుసన్నాను.

ఒకడు నవ్వాడు, అందరూ నవ్వారు. వస్తుందని చెప్పినప్పుడూ తెలుసన్నావు కదా అన్నారు. మంగలి నా భుజం మీద చెయ్యివేసి, అలసిపోయావు, నీకు నమ్మకం సన్నగిల్లింది, మేము నీ కోసం ప్రార్థన చేస్తాం అన్నాడు. నా కోసం. తర్వాత మంగలి తెచ్చిన కొత్త బొమ్మను గోడకు అంటించి, ఆ ఎర్ర రవికకు ఎన్ని గుండీలున్నాయో అందరూ లెక్కపెట్టారు. నిజం చెప్పినందుకు నా గదిలోనే నేను అవిశ్వాసినయ్యాను బావమరిదీ. కక్కు వచ్చేంత రోత. అయినా ఆ లెక్కపెట్టే విద్య వాళ్ళకు నేర్పింది నేనే.

నీ ఉత్తరం పొయ్యిలో పెట్టాను. నువ్వు చేసేది నువ్వు చెయ్యి.

బావ

*

సామాను సర్దిన గది నుంచి

బావా,

చేశాను. ఈపాటికి మంగలి ఫోనులో చదివే ఉంటాడు. గోదా అభిమానులు మాట్లాడుకునే చోట నా పేరుతో, నా ఫొటోతో రాశాను. బొమ్మలు నావి, ఆట లేదు, పై అంతస్తులో కుర్చీలున్నాయి అని. కుర్చీల ఫొటో కూడా పెట్టాను. నమ్మనివాళ్ళ కోసం నా కప్పు ఫొటో పెట్టాను. దాంతో అందరూ నమ్మారు. కప్పును మించిన రుజువు లేదట.

మధ్యాహ్నానికి కార్డు తీసుకున్నారు. మా అధికారి ఒక్క మాటే అన్నాడు, ఇన్నేళ్ళు బాగా గీశావు కదా అని. అది పొగడ్తో తిట్టో ఇప్పటికీ తెలియలేదు. లాయరు నోటీసు వస్తుందన్నాడు.

గొప్ప పని చేశానని అనిపించడం లేదు. స్నానం చేసినట్టు మాత్రం ఉంది.

నీ బావమరిది

*

వెనక గది నుంచి

బావమరిదికి,

నువ్వు రాసింది చదివిన రోజే జనం నా గుమ్మం దగ్గర చేరారు. గది చాలలేదు, లేత్ చుట్టూ నిలబడ్డారు. మూగన్న నోరు విప్పి పూర్తి వాక్యం మాట్లాడాడు. లోకానికి తెలియకముందే బోధన్న చెప్పాడు, మనమే నవ్వాం అని. ఒక పెద్దావిడ నా చేయి పట్టుకుని కళ్ళకద్దుకుంది. మంగలి అయితే ఏడ్చేశాడు. నువ్వు ప్రవక్తవి, మేము రాళ్ళు రువ్వాం, ఇక నీ మాట జవదాటం అన్నాడు. వాళ్ళలో ఒకడు ఇంకో ఆట పేరు చెప్పి, దాని రెండో భాగం సంగతేమిటని అడిగాడు.

నా మాట నాకు తిరిగొచ్చింది. పోయినదానికి రెట్టింపు. నిజం చెప్తున్నాను, ఒక్క క్షణం తియ్యగానే ఉంది. పాతికేళ్ళ వీధి బోధలో అంతమంది నోళ్ళు ఒక్కసారిగా మూతపడి నా వైపు తిరగడం నేను చూడలేదు. ఇక ఏం చెప్పినా నమ్ముతారు. ఆయన గురించి చెప్పినా నమ్ముతారు. ఆశ ఎంత కమ్మగా మాట్లాడుతుందో చూడు.

తర్వాత ఆ తీపి నోట్లోనే కుళ్ళింది.

"నాకు ఏ దర్శనమూ రాలేదు," అన్నాను. "ఆ బొమ్మలు గీసినవాడు మా ఆవిడ తమ్ముడు. వాడు ఉత్తరం రాస్తే తెలిసింది."

మంగలి కళ్ళు తుడుచుకోవడం ఆపాడు.

"అంతేనా?"

"అంతే."

వాడికి వచ్చిన రోత నాకు కనిపించింది. తేదీ తప్పినప్పుడు రానిది అప్పుడు వచ్చింది. ఉత్తరం చదివి చెప్పేవాడు వాడికెందుకు, వాడి షాపులో రోజూ దినపత్రిక చదివేవాళ్ళు పదిమంది ఉన్నారు. జనం వచ్చిన దారినే పోయారు. పెద్దావిడ చేయి చీర కొంగుకు తుడుచుకుంది, నేను చూశాను.

నిన్ను క్షమించానని రాయను. ఇంకా మండుతూనే ఉంది. అది కాగితం మీద చల్లారేది కాదు, నువ్వు ఎదురుగా కూర్చుని తిట్లు తినాలి. నోటీసు వస్తే ఇక్కడికి వస్తుంది, ఇద్దరం చదువుదాం. ముందు గదిలో ఇరుసులకు కొలతలు గీయడానికి మనిషి కావాలి. మీ అక్క మంచం వేయించింది, నా అభిప్రాయం అడగలేదు.

ఆ రోజు మిగిలింది మూగన్న, నర్సమ్మ. ఇద్దరూ చెరో యంత్రం ముందు కూర్చుని ఆట కూడా మొదలుపెట్టలేదు. నర్సమ్మ చెక్క మీది గ్రంథం తీసి నా ఒళ్ళో పెట్టింది. చదవమంది. ఈసారి నీ సొంతం కలపొద్దంది.

చదివాను. కలపలేదు. ఐదు నిమిషాల్లో అయిపోయింది. నా ప్రసంగాల్లో అంత పొట్టిది ఇంతవరకూ లేదు.

బావ